అప్‌డేట్ ఎక్కని కంప్యూటరు: పాల సంఘంలో వరుసగా చేయవలసిన పనులు

తూకపు యంత్రం, పాల పరీక్ష యంత్రం, కంప్యూటరు – ఈ మూడింటినీ ఒక గొలుసుగా కలిపి పాలు సేకరించే సంఘాలు నేడు చాలా ఉన్నాయి. సభ్యుడు పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం, వాటినిబట్టి వచ్చే ధర కంప్యూటరులో నమోదై చేతికి చీటీ వస్తుంది. పాల బిల్లు ఆ నమోదునుబట్టే తయారవుతుంది. కావున ఆ కంప్యూటరు మొరాయించిందంటే ఏదో ఒక పరికరం ఆగిందని సరిపెట్టుకోవడానికి వీలులేదు. సభ్యుని రెండు పూటల కష్టానికి సంబంధించిన లెక్క అందులో ఉన్నది.

అటువంటి కంప్యూటరులో తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. విండోస్ అప్‌డేట్ దిగుతుంది, కొంత శాతం వరకు ఎక్కుతుంది, తరువాత “మార్పులు పూర్తికాలేదు” అని చెప్పి వెనక్కు పోతుంది. మరునాడు మళ్ళీ అదే తంతు. ఇట్టి సమయంలో ఏమి చేయాలో, ఏమి చేయకూడదో, ఏ పని ముందు, ఏ పని వెనుక అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇది కార్యదర్శికి మాత్రమే సంబంధించిన విషయమని సభ్యులు అనుకోరాదు. లెక్క మనదైనప్పుడు దాని కాపలా కూడా మనదే.

అప్‌డేట్ అంటే ఏమిటి? ఎప్పుడు వస్తుంది?

కంప్యూటరులోని పరికరాలన్నిటినీ నడిపించే మూల కార్యక్రమాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మైక్రోసాఫ్ట్ కంపెనీ వారి విండోస్ అటువంటిదే. అందులో బయటపడిన లోపాలను సరిచేయడానికి, దొంగలు చొరబడే సందులను పూడ్చడానికి ఆ కంపెనీ పంపే సవరణలే అప్‌డేట్లు.

ఈ సవరణలు ప్రధానంగా ప్రతి నెల రెండవ మంగళవారం విడుదలవుతాయి. అమెరికా పడమటి తీరంలో ఉదయం 10 గంటలు అంటే మనకు వేసవిలో రాత్రి 10.30, చలికాలంలో రాత్రి 11.30. అనగా రాత్రంతా కంప్యూటరు ఆపకుండా ఉంచిన సంఘంలో ఆ అప్‌డేట్ దిగి, బుధవారం తెల్లవారుజామున సభ్యులు క్యాన్లతో వరుసలో నిలబడే వేళకు సరిగ్గా తగులుకునే అవకాశమున్నది. నెలలో రెండవ మంగళవారం ఏ తేదీన వస్తుందో సంఘం గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం మంచిది.

అసలు ఆపివేస్తే పోదా?

“ఇంత తలనొప్పి ఎందుకు, అప్‌డేట్లు రాకుండా చేసేద్దాం” అని కొందరు సలహా ఇస్తారు. 2017లో జరిగినది గుర్తు చేసుకుంటే ఈ సలహా ఎంత ప్రమాదమో తెలుస్తుంది. ఆ సంవత్సరం మార్చి 14న మైక్రోసాఫ్ట్ వారు విండోస్‌లోని ఒక లోపానికి సవరణ విడుదల చేశారు. దాన్ని ఎక్కించుకోని కంప్యూటర్లలోకి దాదాపు రెండు నెలల తరువాత, మే 12న, ‘వన్నాక్రై’ అనే దుష్ట కార్యక్రమం చొరబడింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగింది. సుమారు 150 దేశాలలో ఇది పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. పాల సంఘం కంప్యూటరుకు అటువంటి తాళం పడితే పదిహేను రోజుల పాల లెక్క ఎక్కడినుండి తెస్తాము?

కావున అప్‌డేట్ మానరాదు. అయితే ఏ వేళకు ఎక్కించాలన్నది మన చేతిలో ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పుటకు వెళితే ‘పాజ్’ అనే ఏర్పాటు ఉన్నది. దానితో అప్‌డేట్లను ఐదు వారాల వరకు వాయిదా వేయవచ్చు. వారం రోజుల వాయిదా చాలు. ‘యాక్టివ్ అవర్స్’ అనే చోట పని వేళలు ఇస్తే ఆ వేళల్లో కంప్యూటరు తనంతట తాను మూసుకొని తెరుచుకోదు. గరిష్ఠంగా 18 గంటలు ఇవ్వవచ్చు. తెల్లవారుజామున 4 నుండి రాత్రి 9 వరకు ఇస్తే రెండు పూటల సేకరణా అందులోకి వస్తుంది.

అన్నిటికన్న ముందు: లెక్క భద్రం

అప్‌డేట్ ఎక్కలేదని తెలియగానే చాలామంది చేసే పని మళ్ళీ మళ్ళీ ‘రీట్రై’ నొక్కడం. అది తరువాతి మాట. ముందు ఈ మూడు పనులు చేయాలి.

ఒకటి: పాల సేకరణ సాఫ్ట్‌వేరులోని ‘బ్యాకప్’ ద్వారా సభ్యుల లెక్కను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవాలి. ఆ నకలు మరొక కంప్యూటరులో తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. తెరచి చూడని నకలును నమ్మరాదు. పెన్‌డ్రైవ్‌ను కంప్యూటరుకు తగిలించి వదలక, బయటకు తీసి బీరువాలో పెట్టాలి.

రెండు: నడుస్తున్న బిల్లు కాలానికి సంబంధించిన సభ్యులవారీ పట్టికను, అమలులో ఉన్న ధరల పట్టికను కాగితంమీద అచ్చు తీయాలి.

మూడు: పరీక్ష యంత్రం, తూకపు యంత్రం కంప్యూటరుకు ఏ ‘కామ్ పోర్టు’ ద్వారా కలిసి ఉన్నాయో ఆ అంకె రాసుకోవాలి. డివైస్ మేనేజర్‌లో ‘పోర్ట్స్’ అనే శీర్షిక కింద ఇది కనిపిస్తుంది. దీని ఉపయోగం చివర తెలుస్తుంది.

లోపపు సంఖ్యను రాసుకోండి

పశువు మేత మానినప్పుడు వైద్యుడు ముందు లక్షణాలు అడుగుతాడు. కంప్యూటరు తన లక్షణాన్ని సంఖ్య రూపంలో తానే చెబుతుంది. విండోస్ అప్‌డేట్ పుటలో ‘అప్‌డేట్ హిస్టరీ’ తెరిస్తే విఫలమైన అప్‌డేట్ పేరు, ‘కె.బి.’ తో మొదలయ్యే దాని అంకె కనిపిస్తాయి. పక్కనే లోపపు సంఖ్య ఉంటుంది. వాటిని ఫోనుతో ఫోటో తీసుకోవాలి. లోపపు సంఖ్యలన్నీ సున్నా, ఎక్స్ అనే గుర్తులతో మొదలవుతాయి. తరచుగా వచ్చే వాటిలో ఆ రెండు గుర్తుల తరువాతి భాగాన్ని కింద ఇస్తున్నాము.

80070070 – డిస్కులో చోటు చాలలేదు.
80072ఎఫ్8ఎఫ్ – తేదీ, సమయం తప్పుగా ఉండవచ్చు.
80072ఇఇ2, 8024402సి – ఇంటర్నెట్టు అందడం లేదు, లేదా మధ్యలో తెగుతున్నది.
80070422 – అప్‌డేట్ సేవను ఎవరో, లేక ఏదో సాఫ్ట్‌వేరు ఆపివేసింది.
80073712, 800ఎఫ్081ఎఫ్ – విండోస్ సొంత ఫైళ్ళు కొన్ని చెడిపోయాయి, లేదా కనిపించడం లేదు.
సి1900101తో మొదలయ్యేవి – ఏదో పరికరపు డ్రైవరు అడ్డుపడుతున్నది.

మొదటి మెట్టు: తేలిక పనులు నాలుగు

ఈ నాలుగింటితోనే చాలా సందర్భాలలో చిక్కు తీరుతుంది. కనుక వీటిని దాటి ముందుకు పోరాదు.

1. నిజమైన రీస్టార్ట్. రాత్రి ‘షట్‌డౌన్’ చేసి పొద్దున తెరిస్తే సరిపోతుందనుకుంటాము. విండోస్ 10, 11లలో ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటువల్ల షట్‌డౌన్ చేసినా మూల కార్యక్రమం పూర్తిగా మూసుకోదు. తరువాత త్వరగా తెరుచుకోవడానికి తన స్థితిని డిస్కులో దాచుకుంటుంది. ‘రీస్టార్ట్’ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. సగంలో ఉన్న పాత అప్‌డేట్ ఏదైనా ఉంటే అప్పుడు పూర్తవుతుంది.

2. తేదీ, సమయం. తెరకు కింద కుడి మూలన ఉన్న తేదీ చూడండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి తేదీ పాత సంవత్సరానికి పోతుంటే, లోపల మదర్‌బోర్డు మీద ఉన్న బిళ్ళలాంటి బ్యాటరీ అయిపోయినట్లు. తేదీ తప్పయితే మైక్రోసాఫ్ట్ వారి సర్వరు చూపే ధ్రువపత్రం చెల్లదని కంప్యూటరు భావించి తలుపు వేసుకుంటుంది. పైగా తప్పు తేదీతో సభ్యుల పాలు నమోదైతే బిల్లు కూడా తప్పుతుంది. ఆ బ్యాటరీ ఖరీదు స్వల్పం. వెంటనే మార్పించాలి.

3. చోటు. ‘సి’ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నదో చూడండి. 20 జి.బి. ఖాళీ ఉంచుకుంటే పెద్ద అప్‌డేట్లకు కూడా ఇబ్బంది రాదు. సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్’ కింద ‘టెంపరరీ ఫైల్స్’ తుడిచివేయవచ్చు. ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ అనే పేరు కనిపిస్తే అందులో ఏమున్నదో చూడకుండా గుర్తు పెట్టరాదు. సేకరణ సాఫ్ట్‌వేరు ఉన్న ఫోల్డరును ఎట్టి పరిస్థితిలోనూ తాకరాదు. సంఘం కంప్యూటరులో చేరిన సినిమాలు, పాటలు తీసివేస్తే చాలాచోట్ల చోటు దానంతటదే వస్తుంది.

4. ఇంటర్నెట్టు. ఫోను హాట్‌స్పాట్‌తో కలిపినప్పుడు అది ‘మీటర్డ్ కనెక్షన్’గా గుర్తించబడి ఉంటే పెద్ద అప్‌డేట్లు దిగవు. ఆ గుర్తు తీసివేసి, డేటా తగినంత ఉన్న రోజున, సాయంత్రం సేకరణ అయిన తరువాత ప్రయత్నించాలి.

రెండవ మెట్టు: మరమ్మతు

తేలిక పనులతో తీరకపోతే సెట్టింగ్స్‌లో ‘ట్రబుల్‌షూట్’ తెరచి విండోస్ అప్‌డేట్‌కు ఎదురుగా ఉన్న ‘రన్’ నొక్కాలి. కొన్ని లోపాలను అది తానే సరిచేస్తుంది.

అప్పటికీ కాకపోతే, సగం దిగి పాడైన ఫైళ్ళను తీసివేయాలి. స్టార్ట్ నొక్కి ‘సర్వీసెస్’ అని టైపు చేసి తెరవాలి. జాబితాలో ‘విండోస్ అప్‌డేట్’, ‘బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్’ అనే రెండింటినీ ‘స్టాప్’ చేయాలి. తరువాత సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డరు, అందులో ‘సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్’, అందులో ‘డౌన్‌లోడ్’ – ఈ చివరి ఫోల్డరు లోపల ఉన్నవి మాత్రమే తుడిచివేయాలి. ఆపిన రెండు సేవలను మళ్ళీ ‘స్టార్ట్’ చేసి రీస్టార్ట్ చేయాలి. అప్‌డేట్ మొదటినుండి శుభ్రంగా దిగుతుంది. జాబితాలో విండోస్ అప్‌డేట్ ఎదురుగా ‘డిసేబుల్డ్’ అని ఉంటే పైన చెప్పిన 80070422కు కారణం అదే. దాన్ని ‘మాన్యువల్’గా మార్చాలి.

విండోస్ సొంత ఫైళ్ళు చెడినప్పుడు రెండు ఆజ్ఞలు ఉన్నాయి. స్టార్ట్ వద్ద ‘సి.ఎం.డి.’ అని టైపు చేసి, దానిపై కుడి క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకుంటే నల్లని పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో మొదట డిఐఎస్ఎం, ఖాళీ, గీత ఆన్‌లైన్, ఖాళీ, గీత క్లీనప్ అడ్డుగీత ఇమేజ్, ఖాళీ, గీత రిస్టోర్‌హెల్త్ అని కొట్టి ఎంటర్ నొక్కాలి. గీత అంటే ప్రశ్నార్థకం ఉన్న కీ మీది వాలుగీత. గీతకూ దాని తరువాతి మాటకూ మధ్య ఖాళీ ఉండరాదు. ఇది పూర్తయిన తరువాతే రెండవది: ఎస్ఎఫ్‌సి, ఖాళీ, గీత స్కాన్‌నౌ. మొదటిది మంచి ఫైళ్ళను మైక్రోసాఫ్ట్ నుండి తెచ్చి నిల్వను బాగుచేస్తుంది. రెండవది ఆ నిల్వలోనుండి తీసి చెడిన వాటి స్థానంలో పెడుతుంది. నిల్వ బాగుపడకుండా రెండవది నడిపితే ప్రయోజనం తక్కువ. కనుక వరుస మార్చరాదు. పాత యంత్రంలో ఇవి గంట సేపు కూడా పట్టవచ్చు. మధ్యలో మూయరాదు.

ఒక్కొక్కసారి తప్పు అప్‌డేట్‌దే కావచ్చు. 2024 జనవరి 9న విండోస్ 10కి విడుదలైన కె.బి. 5034441 అనే అప్‌డేట్ చాలా కంప్యూటర్లలో 80070643 అనే సంఖ్య చూపి ఎక్కకుండా పోయింది. డిస్కులో ‘రికవరీ’ కోసం కేటాయించిన చిన్న భాగంలో మరో 250 ఎం.బి. చోటు అవసరం కావడమే కారణం. ఎన్నిసార్లు నొక్కినా అది ఎక్కేది కాదు. అటువంటప్పుడు డిస్కు భాగాలను కదిలించే పని సంఘంలో మనంతట మనం చేయరాదు. లోపపు సంఖ్యతో సాంకేతిక సిబ్బందికి తెలియజేయాలి. విడుదలైన వారం రోజులు ఆగమనడంలోని లాభం కూడా ఇదే. తప్పులుంటే ఈలోగా బయటపడతాయి.

చేయకూడని పనులు

శాతం ఎక్కుతుండగా స్విచ్ ఆపరాదు. శాతం కదలకున్నా డిస్కు దీపం మినుకుమంటుంటే పని జరుగుతున్నట్లే. “మార్పులు వెనక్కు తీస్తున్నాము” అన్న మాట వచ్చినా అది ముగిసేదాకా ఆగాలి. యు.పి.ఎస్. బ్యాటరీ బలంగా లేకపోతే, కరెంటు కోత ఉండే వేళలో అప్‌డేట్ మొదలు పెట్టరాదు.

అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ వారి స్థలం నుండి తప్ప మరెక్కడినుండీ దించరాదు. చేతితో ఎక్కించవలసి వస్తే ‘మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్’లో కె.బి. అంకెతో వెతికి తీసుకోవచ్చు.

“మైక్రోసాఫ్ట్ నుండి మాట్లాడుతున్నాము, మీ కంప్యూటరు చెడింది” అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టివేయండి. మనం అడగకుండా ఆ కంపెనీ ఎవరికీ అలా ఫోను చేయదు. అటువంటి వారికి కంప్యూటరు అప్పగిస్తే సంఘం బ్యాంకు ఖాతా కూడా అప్పగించినట్లే. మోసం జరిగిందని అనుమానం వస్తే ఆలస్యం చేయక 1930 అంకెకు ఫోను చేయాలి.

విండోస్ 10 ఉన్న సంఘాలకు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇక ఆ కంప్యూటరుకు నెలసరి అప్‌డేట్ రాకపోతే అది చెడిపోయినట్లు కాదు. పంపడమే ఆగింది. సంస్థలు రుసుము చెల్లించి పొడిగింపు పొందే పథకం ఒకటున్నది.

విండోస్ 11కు మారాలంటే 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. డిస్కు, ‘సెక్యూర్ బూట్’, ‘టి.పి.ఎం. 2.0’ అనే భద్రతా భాగం, కంపెనీ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు ఉండాలి. ‘పి.సి. హెల్త్ చెక్’ అనే ఉచిత సాధనం ఇవి ఉన్నవీ లేనివీ చెబుతుంది. టి.పి.ఎం. లేదని చూపినంత మాత్రాన కంప్యూటరు పారవేయనక్కరలేదు. అది ఉండి కూడా లోపలి అమరికలో ఆపివేయబడి ఉండవచ్చు. తెలిసినవారితో చూపించాలి. మారిన తరువాత సేకరణ సాఫ్ట్‌వేరు నడవకపోతే 10 రోజుల లోపల ‘గో బ్యాక్’ ద్వారా పాతదానికి తిరిగి రావచ్చు. కనుక మారే పనిని బిల్లు చెల్లింపు ముగిసిన మరునాడు పెట్టుకోవాలి, బిల్లుకు ముందురోజు కాదు.

అప్‌డేట్ ఎక్కిన తరువాత

అప్‌డేట్ ఎక్కింది కదా అని ఊరుకోరాదు. మన పని పాల సేకరణ. పరీక్ష యంత్రం అంకెలు తెరమీదికి రాకపోతే ముందు కామ్ పోర్టు చూడండి. మూడు ఉన్నది ఐదు అయి ఉండవచ్చు. ముందు రాసుకున్న అంకెతో సరిపోల్చి సాఫ్ట్‌వేరులో మార్చాలి.

పోర్టు పేరు పక్కన పసుపు గుర్తు ఉంటే కారణం వేరు. పరీక్ష యంత్రపు తీగను యు.ఎస్.బి.కి కలిపే చిన్న తీగలలో పి.ఎల్. 2303 అనే చిప్పు విరివిగా వాడబడింది. అందులోని పాత రకాలను, నకిలీలను కొత్త డ్రైవరు అంగీకరించదు. ఆ రకం 2012 నుండి నిలిపివేయబడిందని డివైస్ మేనేజర్‌లోనే చూపవచ్చు. అటువంటప్పుడు పరీక్ష యంత్రం చెడలేదు, కంప్యూటరూ చెడలేదు. ఆ చిన్న తీగ మారిస్తే సరి. ఇది తెలియక పరీక్ష యంత్రాన్నే మరమ్మతుకు పంపితే సంఘానికి ఖర్చు, సభ్యులకు ఇబ్బంది.

తరువాత ఒక పాల నమూనాను పరీక్షించి, యంత్రం మీద కనిపించే వెన్న శాతం, తెరమీద వచ్చినది, చీటీలో అచ్చయినది మూడూ ఒకటేనా చూడాలి. ధర ముందు తీసిన పట్టికతో సరిపోవాలి. ఇవన్నీ సరిపోయిన తరువాతే మొదటి సభ్యుని పాలు నమోదు చేయాలి.

పొద్దున్నే కంప్యూటరు సిద్ధం కాకపోతే?

పాలు ఆగవు. పాల వ్యాను ఆగదు. చాలా రకాల తూకపు యంత్రాలు, పరీక్ష యంత్రాలు కంప్యూటరు లేకున్నా తమ తెరమీద అంకెలు చూపుతాయి. వాటిని చేతి రిజిస్టరులో రాయాలి. తేదీ, పూట, సభ్యుని సంఖ్య, లీటర్లు, వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం, సభ్యుని సంతకం లేక వేలిముద్ర అందులో ఉండాలి. సభ్యుని పాస్ పుస్తకంలో కూడా అవే అంకెలు వేసి ఇవ్వాలి. కంప్యూటరు బాగుపడిన తరువాత వాటిని ఎక్కించేటప్పుడు ఒకరు చదవాలి, ఒకరు టైపు చేయాలి, పాలకవర్గ సభ్యుడొకరు సరిచూసి సంతకం చేయాలి. అందుకొరకు గీతలు గీసిన ఒక ఖాళీ రిజిస్టరు సంఘంలో ఎల్లప్పుడూ ఉండాలి.

పాలకవర్గానికి, సభ్యులకు మనవి

రాబోయే పాలకవర్గ సమావేశంలో ఈ నాలుగు విషయాలు తీర్మానించుకోవాలని కోరుతున్నాము. వారానికొకసారి లెక్క నకలు తీసి అధ్యక్షుల వద్ద ఒకటి ఉంచడం. నెలలో ఒక సాయంత్రం అప్‌డేట్‌కు కేటాయించడం. సంఘం కంప్యూటరులో సంఘం పని తప్ప వేరొకటి చేయకపోవడం. లోపం వచ్చిన తేదీ, సంఖ్య, చేసిన పని ఒక నోటు పుస్తకంలో రాయడం. కార్యదర్శి మారినా ఆ పుస్తకం కొత్తవారికి దారి చూపుతుంది.

సభ్యులు కూడా తమ చీటీలను బిల్లు వచ్చేదాకా దాచుకొని, బిల్లుతో సరిచూసుకోవాలి. కంప్యూటరులోని లెక్కకు అదే చివరి సాక్ష్యం.